ముమ్మాటికీ నేనే

ఆఫీసు, మూడో అంతస్తు
ఎండలు ముదిరిన వారం

వదినా,

ఫోను చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని ముక్కు మీద వేలేసుకోకు. మీ ఇంట్లో ఫోను మోగితే ముందు ఎత్తేది నీ కూతురు గువ్వే. నేను మాట్లాడాల్సింది దాని గురించే, దాని చెవిన పడకూడదు. పైగా ఫోనులో నువ్వు ఊఁ, ఆఁ తప్ప ఏమీ అనవు. కాగితం మీదైతే నీకు నోరు పెగులుతుంది. పెళ్ళికి ముందు అన్నయ్యకి నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ముందు నేనే చదివేదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ప్రకటనల కంపెనీలో చేరానా, పెద్దవాళ్ళ సబ్బులకీ గోడల రంగులకీ రాస్తాననుకున్నానా, పిల్లల పొడి తెచ్చి నా నెత్తిన పెట్టారు. పాలలో కలుపుకుని తాగే చాక్లెట్ పొడి. దానికో బొమ్మ ఉంది, గుడ్డతో కుట్టిన కుందేలు, చెవులపిల్లి అని పేరు. భుజాల మీదికి వేలాడే చెవులు, గాజు కళ్ళు. చేతికి తొడుక్కుని ఆడిస్తారు. ఇప్పుడు నా బల్ల మీదే కూచుని నా వంక చూస్తోంది. టీవీలో అది ఏం మాట్లాడాలో నేను రాయాలి.

మా పెద్దాయన మొదటిరోజే పాఠం చెప్పారు. మా విభాగానికి పై అధికారి, అందరం అలాగే పిలుస్తాం. పిల్లల మనసుకి మూడు తలుపులుంటాయట. ఒకటి నమ్మకం: ఈ చెప్పేవాడు నావాడేనా? రెండోది గుండె: భయం, ముద్దు, అందరికీ ఉన్నది నాకు లేదనే దిగులు. మూడోది లెక్క: ఇది తాగితే బలం, బలముంటే గెలుపు. పెద్దవాళ్ళు మూడో తలుపు దగ్గర మనల్ని నిలబెట్టి బేరాలాడతారు. పిల్లల తలుపుకి గడియే ఉండదు, ఎందుకంటే అమ్మజూపేవాడికీ కథ చెప్పేవాడికీ తేడా వాళ్ళకింకా తెలియదు. "మొదటి రెండు తలుపులూ తీయండి, మూడోది దానంతటదే తెరుచుకుంటుంది" అన్నారు.

ఆ రెండూ ఎలా తీయాలంటే, పిల్లల్ని అడక్కండి, తల్లుల్ని అడగండి అన్నారు. నాకు తెలిసిన తల్లివి నువ్వొక్కదానివే. గువ్వ దేనికి నవ్వుతుంది, దేనికి జడుసుకుంటుంది, ఏ మాట అంటే ఊరుకుంటుంది, అన్నీ రాయి. ఈ ప్రకటన తేలిపోతే నన్ను ఇంటికి పంపేస్తారు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారుగా, ఆ సగం అధికారంతో అడుగుతున్నాను.

నీ వాగుడుకాయ

~

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

వాగుడుకాయకి,

అర్ధమొగుడివైతే సగం గిన్నెలు తోమి మాట్లాడు. అసలు మొగుడే గూడ్సుబండి నడుపుకుంటూ వెళ్ళి వారానికోసారి చుట్టంలా వచ్చిపోతున్నారు.

అద్దాలు అరగదీసే యంత్రం పక్కనే కూచుని రాస్తున్నాను. కాగితం మీద గరగరలాడేది అద్దాల పొడి, భయపడకు. దుకాణంలో నా తెల్ల కోటూ మారలేదు, పనీ మారలేదు. కొలత ప్రకారం అద్దం అంచు అరగదీయడం, ఫ్రేములో బిగించడం, పిల్లలు వస్తే పరీక్ష చేసే గదిలో వాళ్ళని బుజ్జగించి కూర్చోబెట్టడం.

నీ మేనకోడలి సంగతులా? ఆరేళ్ళకే అరవై ఏళ్ళ మాటలు. పాలంటే ఆమడ దూరం పరిగెడుతుంది. బొద్దింకకి భయపడదు, ఉరుముకి భయపడదు. ఎవరైనా తుమ్మితే పడీపడీ నవ్వుతుంది. మీ నాన్నగారి పోలిక, మొండితనంలో మీ అమ్మగారు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. మీ అన్నయ్యకి కూడా సగమే తెలుసు. ఒకరోజు దుకాణంలో మందపాటి అద్దాలు బిగించి, సరిపోయాయో లేదో చూద్దామని పెట్టుకుని, పరధ్యానంగా వాటితోనే ఇంటికి వెళ్ళాను. నా కళ్ళు ఇంతింతై కనబడేసరికి గువ్వ కెవ్వుమంది. అప్పటినుంచీ కళ్ళు మూసుకుంటే నా ముఖం మారిపోతుందని దానికి భయం. నా బదులు ఇంకెవరో వచ్చి కూచుంటారట. అందుకని పడుకునే ముందు నా ఎడమ కనుబొమ మీద, ఆ చిన్న గాటు ఉంటుంది చూడు, అక్కడ వేలు పెట్టి "నువ్వేనా?" అంటుంది. నేను "నేనే, నేనే, ముమ్మాటికీ నేనే" అనాలి. మొదటిది మామూలుగా, రెండోది మెల్లగా, చివరిది చెవిలో గుసగుసగా. అప్పుడు కళ్ళు మూస్తుంది. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికే.

విని నవ్వుకుంటావు గానీ, ఆ చివరి మాటకి దాని ఒళ్ళు వదులైపోయి నా మీద వాలిపోతుందే, ఆ క్షణం కోసమే నేను రోజంతా నిలబడి పనిచేస్తానేమో అనిపిస్తుంది. ఇది నీ పొడికి పనికొచ్చేది కాదులే. మేనత్తవని చెప్పాను.

వదిన

~

ఆఫీసు, మూడో అంతస్తు
మబ్బు పట్టిన సాయంత్రం

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గువ్వని చూసి చాలా రోజులైంది. నీ మీద అసూయ కూడా వేసింది, దాచడం దేనికి.

పని జరుగుతోంది. ఎలా జరుగుతోందో చెబితే నవ్వుతావు. మొదటి కొన్ని రోజులు చెవులపిల్లి పొడి ఊసే ఎత్తదు. కార్టూన్ల మధ్య వస్తుంది, "ఇవాళ బడిలో ఏం జరిగింది?" అంటుంది, ఒక చెవి మన వైపు వంచి ఊరుకుంటుంది. అంతా నిశ్శబ్దం. బడిలో జరిగింది ఒక పిల్ల చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. తర్వాత "అవునా? నాకూ అలాగే అయింది" అని వెళ్ళిపోతుంది. పిల్లలు ఏం చెప్పినా ఆ జవాబు అతుకుతుంది. ఆ ఖాళీ ఎంతుండాలో పెద్దాయనే స్వయంగా పిల్లల ముందు కూచుని కొలిచారు. నావాడే అన్న నమ్మకం మాటల్లో పుట్టదట, ఆ ఖాళీలో పుడుతుందట.

సౌండు చూసే అతనికి మాత్రం ఇది నచ్చలేదు. టీవీ మాట్లాడితే భరించగలను గానీ, నోరు మూసుకుని మనం ఏమంటామో వింటే ఎలాగండీ అన్నాడు. నేను నవ్వేశాను.

నువ్వు రాసినవన్నీ పనికొచ్చాయి. ఎక్కడ, ఎలా అని అడక్కు. సాయంత్రం గువ్వతో కూచుని చూడు.

నీ వాగుడుకాయ

~

ఇంటి నుంచి
వానలు మొదలయ్యాయి

వాగుడుకాయకి,

ముందు మంచి చెబుతాను, లేకపోతే నీకు వినబుద్ధి కాదు. గువ్వ పాలు తాగుతోంది. అడిగి మరీ తాగుతోంది. చెవులపిల్లి చెవి వంచగానే టీవీ ముందు మోకాళ్ళ మీద కూచుని బడి కబుర్లన్నీ చెబుతోంది. నేను అడిగితే "ఏం లేదు" అనే పిల్ల, దానికి అన్నీ చెబుతోంది. నేను వంటగదిలో నిలబడి దొంగచాటుగా వినేదాన్ని. అయినా ఊరుకున్నాను.

పోయిన వారం కొత్త ప్రకటన వచ్చింది. తెర నిండా చెవులపిల్లి ముఖం. ఒక పిల్ల దాని కనుబొమ మీద వేలు పెట్టి "నువ్వేనా?" అంటుంది. "కళ్ళు మూసుకుంటే అందరి ముఖాలూ మారిపోతాయి కదూ? నాకు తెలుసు. నాది మాత్రం మారదు. నేనే, నేనే, ముమ్మాటికీ నేనే." చివరిది గుసగుస. దాన్ని కూడా నువ్వు వదల్లేదు. తర్వాత పాలగ్లాసు, పొడి డబ్బా.

ఆ రాత్రి పడుకునేటప్పుడు గువ్వ నా కనుబొమ మీద వేలు పెట్టింది. నేను ఎప్పటి మాటే అన్నాను. వేలు తీసేసి పైకి లేచి కూచుంది. "అది చెవులపిల్లి మాట. నువ్వెందుకంటున్నావు?" అంది. నాదేనమ్మా, ముందు నుంచీ నేనేగా అంటున్నాను అని చెప్పాను. నన్ను పట్టిపట్టి చూసింది. పక్కింటి పిల్ల అబద్ధమాడితే దాన్ని ఎలా చూస్తుందో అలా చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. కళ్ళు మూసుకుందో లేదో నాకు తెలియదు.

ఇవాళ దుకాణానికి ఒక చిన్నపిల్ల వచ్చింది. పరీక్షకి ఒక కన్ను మూసుకోమంటే మూయనంది. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి కనుబొమ తడిమి "నువ్వేనా?" అంది. ఆవిడ నవ్వుతూ, ఈ మధ్య మా వీధి పిల్లలందరికీ ఇదో పిచ్చి పట్టుకుందండీ అంది. నా చేతిలో అద్దం జారి పగిలింది. ఆ భయం నా పిల్ల ఒక్కదానిదే. మా ఇంట్లో, ఒక్క మంచం మీద, మా ఇద్దరి మధ్య ఉన్న భయం. నువ్వు దాన్ని ఊరందరి పిల్లలకీ అంటించావు. అంటించి, మందు కూడా నువ్వే అమ్ముతున్నావు.

ఆ మాట తీసెయ్యి. వెంటనే తీసెయ్యి.

వదిన

~

ఆఫీసు, మూడో అంతస్తు, కొత్త గది

వదినా,

నీ కోపం నాకు అర్థమైంది. కానీ ఒక్కసారి నెమ్మదిగా ఆలోచించు. నేను నీకు పరాయిదాన్నా? గువ్వ పుట్టినప్పుడు నీకంటే ముందు దాన్ని ఎత్తుకున్నది నేను. దానికి చెడు జరిగే పని నా చేతులతో చేస్తానా?

కోపంలో నువ్వు గువ్వకి ఆ ప్రకటన చూపించడం మానేస్తే ఏమవుతుందో చూడు. వీధిలో పిల్లలందరూ చెవులపిల్లి కబుర్లు చెప్పుకుంటుంటే గువ్వ ఒక్కతే ఏమీ తెలియకుండా మూల నిలబడుతుంది. ఆ ముఖం నువ్వు చూడగలవా?

పోనీ లెక్కే చూద్దాం. పిల్ల పాలు తాగడం లేదని కదా నీ బాధ. ఇప్పుడు తాగుతోంది. భయపడేది, దానికి ధైర్యం చెప్పేవాళ్ళు ఇంకొకరు దొరికారు. ఇందులో నష్టం ఏముంది? అమ్మకాలు చూసి పెద్దాయన నాకు గది ఇచ్చారు. కిటికీ ఉన్న గది.

నీతో దాపరికం లేదు కాబట్టి ఒక సంగతి. మొన్నామధ్య పాత రికార్డింగులు మళ్ళీ విన్నాం. ఆ ఖాళీల్లో ఏమీ ఉండకూడదు, ఏమీ పెట్టలేదు కూడా. కానీ హెడ్‌ఫోన్లలో ఏదో ఉంది. చాలామంది పిల్లలు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు. సౌండు చూసే అతను కూడా విన్నాడు. యంత్రం దోషమై ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. అతను మర్నాటి నుంచి రావడం మానేశాడు.

కాస్త ఓపిక పట్టు.

నీ ఆడపడుచు

~

ఇంటి నుంచి

అమ్మాయీ,

మీ పెద్దాయన చెప్పిన మూడు తలుపులూ వరసగా నా దగ్గర తట్టావు. నువ్వు నాదానివన్నావు, తర్వాత భయపెట్టావు, తర్వాత లెక్క చెప్పావు. తెలిసి చేశావో, తెలియకుండా నీకు అబ్బేసిందో నాకు అర్థం కావడం లేదు. తెలియకుండా అయితే ఇంకా భయం.

టీవీ ప్లగ్గు పీకేశాను. పీకితే ఏమైంది, గువ్వ పక్కిళ్ళ కిటికీల దగ్గర నిలబడి చూసి వస్తోంది. ఏడవదు, మారాం చేయదు. అల్లరి చేస్తే బాగుండునని దేవుణ్ణి కోరుకునే తల్లిని నన్నే చూశాను.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. నాలుగు రోజులుగా గువ్వ నన్ను మీరు అంటోంది.

మొదట ఆట అనుకున్నాను. "మంచినీళ్ళు ఇస్తారాండీ?" అంది. నవ్వి ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో అందుకుంది, చుట్టాలింట్లో అందుకున్నట్టు. జడ వేస్తుంటే కదలకుండా కూచుంది. నొప్పి పుట్టినా అరవలేదు. అన్నం తిని కంచం తీసుకెళ్ళి పెట్టింది. పడుకునేటప్పుడు కనుబొమ దగ్గరికి చెయ్యి రాలేదు. నేనే దాని చెయ్యి తీసుకుని పెట్టుకోబోతే మర్యాదగా లాక్కుంది. "మా అమ్మ వచ్చేదాకా మీ దగ్గరే ఉంటానండీ. మీరు ఏమీ అనుకోకపోతే" అంది.

మీ అన్నయ్య వచ్చారు. ఎప్పటిలాగే నాన్నా అంటూ ఎగిరి మెడకి చుట్టుకుంది, చెవిలో ఏదో చెప్పింది. ఆయన పగలబడి నవ్వారు. ఈవిడ మంచావిడే, కానీ అమ్మ ఎప్పుడొస్తుంది అని అడిగిందట. పిల్ల భలే ఆడుతోందే అని మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయారు.

నా బిడ్డకి నేనెవరో నేను చెబితే చెల్లడం లేదు. చెల్లే మాట ఒక్కటే ఉండేది, అది నీ బొమ్మ నోట్లో ఉంది. కాబట్టి ఆ నోటితోనే చెప్పించు. నేనే దాని అమ్మనని చెప్పించు. నీకు దండం పెడతాను.

వదిన

~

ఆఫీసు
వాన తెరిపి ఇవ్వని మధ్యాహ్నం

వదినా,

తప్పు నాది. నా బల్ల మీది చెవులపిల్లిని అలమరలో పెట్టి తాళం వేశాను. చేతి తొడుగు లాంటి గుడ్డముక్క, లోపల చెయ్యి లేకపోతే ఏమీ కాదు, తెలుసు. అయినా వేశాను.

నువ్వు అడిగింది రాశాను. నీ ఫోటో ముందు పెట్టుకుని రాశాను. ఇక చెవులపిల్లి ఆ మాట ఎప్పుడూ అనదు. దాని బదులు ఇలా అంటుంది: "గువ్వా, నాకంటే నీకు బాగా తెలిసినవాళ్ళు ఒకరున్నారు. అమ్మ. అమ్మని ఎలా గుర్తుపట్టాలో తెలుసా? తెల్ల కోటు వేసుకుంటుంది. వేళ్ళకి అద్దాల పొడి అంటుకుని మెరుస్తూ ఉంటుంది. ఎడమ కనుబొమలో చిన్న గాటు ఉంటుంది. ఆవిడే అమ్మ. ఆవిడ ఏం చెబితే అది చెయ్యి." పొడి డబ్బా పక్కన ఊరికే ఉంటుంది, అంతే.

పెద్దాయన ఒప్పుకోరని, ఒప్పుకోకపోతే ఉద్యోగం వదిలేద్దామని కాగితం కూడా రాసి పెట్టుకుని వెళ్ళాను. ఆయన చదివి కాగితం బల్ల మీద పెట్టారు. తర్వాత, ఇంత మంచి ప్రకటన ఇప్పటిదాకా ఎవరూ రాయలేదమ్మా అన్నారు. తల్లి మాట వినమనే ప్రకటనని ఏ తల్లి కాదంటుంది, ఏ ఇంట్లో డబ్బా కొనరు అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒక్క మాట మార్చారు. గువ్వా అన్న చోట కొట్టేసి "చిన్నారీ" అని పెట్టారు. టీవీలో ఒక్క పిల్ల పేరు పిలిస్తే మిగతా పిల్లలు చిన్నబుచ్చుకుంటారట. దానికేముందిలే అనుకున్నాను. గువ్వకి నీ కనుబొమ తెలుసుగా.

వచ్చే వారం నుంచి టీవీలో వస్తుంది. పక్కింట్లో చూపించు.

నీ ఆడపడుచు

~

ఇంటి నుంచి

అమ్మాయీ,

నువ్వు చెప్పినట్టే పక్కింట్లో చూపించాను. గువ్వ ప్రకటన మొత్తం చూసి నా వైపు తిరిగింది. నా కోటు చూసింది, వేళ్ళు చూసింది, కనుబొమ చూసింది. "అయితే మీరేనన్నమాట అండీ" అంది. నేను ఆనందంతో ఏడ్చేశాను. పిచ్చిదాన్ని.

ఆ రోజు నుంచి ఏం చెబితే అది చేస్తోంది. తినమంటే తింటుంది, చాలమ్మా అనేదాకా తింటూనే ఉంటుంది. పడుకోమంటే పడుకుంటుంది. కళ్ళు మూసుకోమంటే మూసుకుంటుంది, భయం లేదు. ముద్దు పెట్టమంటే పెడుతుంది. చెబితేనే. ఆడుకోమని చెప్పడం ఒకరోజు మరిచిపోయాను. పని నుంచి వచ్చేసరికి గది మధ్యలో నిలబడి ఉంది, పొద్దున నేను వదిలిన చోటే.

తర్వాత దుకాణంలో మొదలైంది. దారిన పోయే పిల్లలు అద్దాల తలుపుకి ముఖం ఆనించి నన్ను చూసేవాళ్ళు. తల్లుల చెయ్యి వదిలించుకుని లోపలికొచ్చి, "ఇప్పుడు ఏం చేయాలండీ?" అని అడిగేవాళ్ళు. ఇంటికి వెళ్ళండమ్మా అంటే వెళ్ళేవాళ్ళు. ఒక తల్లి మొదట నవ్వింది. తన పిల్ల చెయ్యి పట్టుకుని లాగితే ఆ పిల్ల "మీకు గాటు లేదు కదండీ" అనేసరికి, ఆవిడ నన్ను చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోలేను. ఆ చూపు నాకు తెలుసు. నీ బొమ్మని నేను అలాగే చూశాను. యజమాని నన్ను పనికి రావద్దన్నారు. కోటు తీసి పెట్టెలో పెట్టాను, నుదుటి మీదికి జుట్టు దువ్వుకుంటున్నాను. అయినా వాళ్ళకి తెలిసిపోతోంది.

ఇవాళ వాన ఆగాక గేటు చప్పుడైతే తలుపు తీశాను. పిల్లలు. మా వీధి పిల్లలే కాదు, నేను ఎన్నడూ చూడని ముఖాలు. తడి బట్టలతో, అరుపూ కేకా లేకుండా గేటు అవతల నిలబడ్డారు. అంతమంది పిల్లలు ఒకచోట ఉండీ ఒక్కరూ తోసుకోకపోవడం నువ్వెక్కడైనా చూశావా? గువ్వ ఎప్పుడు వెళ్ళిందో, వాళ్ళ మధ్యలో ఉంది. ముందు వరసలో కూడా కాదు.

నోటికొచ్చింది అనేశాను. "మీ అమ్మ దగ్గరికి వెళ్ళండి" అన్నాను.

అందరూ ఒక్కసారి గేటు తోసుకుని లోపలికొచ్చారు. నేను వెనక్కి జరిగి అరుగు మీద కూచున్నాను, వాళ్ళు నా ముందు వరస కట్టారు. ఒక్కొక్కరే వచ్చి నా జుట్టు పక్కకి తీసి, కనుబొమ మీద వేలు పెట్టి చూసుకుని, పక్కకి జరిగి నిలబడుతున్నారు. చిన్నచిన్న వేళ్ళు, వాన తడికి చల్లగా ఉన్నాయి. లేచి పారిపోదామంటే గువ్వ వంతు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా అలాగే కూచున్నాను. ఎవరి వేలికీ అడ్డు చెప్పలేదు.

గువ్వ వచ్చింది. అందరిలాగే వేలు పెట్టింది. ఆ వేలు పట్టుకుని దాన్ని దగ్గరికి లాక్కున్నాను, ఎప్పటి మాట అన్నాను. నేనే, అన్నాను. నేనే, అని మెల్లగా అన్నాను. చివరిది దాని చెవిలో గుసగుసగా, ఎవరికీ వినబడకుండా అన్నాను. గువ్వ ఓపిగ్గా చివరిదాకా విన్నది. తర్వాత తల వెనక్కి తీసుకుని, వెనకున్న పిల్ల కూడా వినడానికి పక్కకి జరిగి చోటిచ్చింది.

వదిన